స్కూల్లో పిల్లలకి ఫిట్స్ వస్తే: అమెరికా రాష్ట్రాల చట్టాల గురించి మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టులో స్కూళ్ళు తెరుస్తున్నారనగానే ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మా బాబుకి మొన్న ఫిట్స్ వచ్చాయి, స్కూల్లో చెప్పాలా?" "నర్సు ఆ ఫిట్స్ ఆపే ముక్కు స్ప్రే నేను వెయ్యనంటోంది, అలా అనొచ్చా?" ఏటా అవే ప్రశ్నలు, ఏటా అవే జవాబులు. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను. టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో మనవాళ్ళు ఎక్కువ కాబట్టి ఉదాహరణలు చాలావరకు అక్కడివే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఏ మందు, ఎంత మోతాదు అన్నవి మాత్రం మీ న్యూరాలజిస్టు చెప్పాల్సినవి, నేను చెప్పేవి కావు.

## కొత్తగా తెలిసినప్పుడు

ఒక్కసారి ఫిట్స్ వస్తే ఎపిలెప్సీ (మూర్ఛ వ్యాధి) అనేనా?

కానక్కర్లేదు. చిన్నపిల్లలకి జ్వరం ఎక్కువై వచ్చే ఫిట్స్ వేరు. మామూలుగా, ఏ కారణమూ కనిపించకుండా, కనీసం ఒక రోజు తేడాతో రెండుసార్లు వస్తే ఎపిలెప్సీ అంటారు. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), ఎంఆర్ఐ చూసి మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువనిపిస్తే ఒక్కసారికే ఆ మాట అనవచ్చు. అమెరికాలో సుమారు 34 లక్షల మంది ఎపిలెప్సీతో ఉన్నారనీ, అందులో పిల్లలు 4 లక్షల 70 వేల మంది దాకా ఉంటారనీ ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. అంటే ఆ మాట వినగానే స్కూలు నర్సు బెదిరిపోదు, మీవాడు ఆమె చూసే మొదటి కేసూ అవడు.

"సీజర్ సేఫ్ స్కూల్స్" అనేది దేశమంతటికీ ఒకే చట్టమా?

కాదు. ఎపిలెప్సీ ఫౌండేషన్ అనే సంస్థ ఒక నమూనా బిల్లు తయారుచేసి, ఆ పేరుతో రాష్ట్రాల వెంట పడింది. అందులో ఐదు విషయాలు ఉంటాయి: సిబ్బందికి శిక్షణ, విద్యార్థి ఫైల్లో సీజర్ యాక్షన్ ప్లాన్ (ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో రాసిన కాగితం; సీజర్ అంటే ఫిట్సే), డాక్టర్ రాసిన మందు స్కూల్లో అందేలా చూడటం, తోటి పిల్లలకి అవగాహన, సాయం చేసినవాళ్ళ మీద కేసులు పడకుండా రక్షణ. 2018లో కెంటకీ మొదటగా చట్టం చేసింది. 2019లో టెక్సాస్, ఇల్లినాయ్, ఇండియానా, 2020 జనవరిలో న్యూజెర్సీ, 2022లో కాలిఫోర్నియా. ఇప్పటికి ఇరవైకి పైగా రాష్ట్రాలు చేశాయి. ఐదు అంశాలూ పూర్తిగా పెట్టినవాళ్ళు ఉన్నారు, మూడింటితో సరిపెట్టినవాళ్ళూ ఉన్నారు. పక్క రాష్ట్రంలో ఉన్న మీ బావగారు చెప్పింది మీ రాష్ట్రంలో చెల్లకపోవడానికి కారణం ఇదే.

504 ఉండగా మళ్ళీ రాష్ట్ర చట్టం ఎందుకు?

1973 నాటి రీహాబిలిటేషన్ చట్టంలో సెక్షన్ 504 హక్కు ఇస్తుంది: ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ స్కూలూ వైకల్యం పేరుతో మీ పిల్లని పక్కన పెట్టకూడదు. ఏడాదికి ఒకసారే ఫిట్స్ వచ్చినా ఇది వర్తిస్తుంది. వచ్చిపోయే జబ్బుల్ని, అవి వచ్చినప్పుడు ఎంత ఇబ్బంది పెడతాయో చూసి లెక్కించాలని 2008లో ఏడీఏ (వైకల్యం ఉన్నవాళ్ళ హక్కుల ఫెడరల్ చట్టం) సవరణ చట్టం స్పష్టం చేసింది. కానీ స్ప్రే ఎవరు వెయ్యాలి, టీచర్లకి శిక్షణ ఎవరివ్వాలి, బస్సు డ్రైవర్‌కి చెప్పాలా వద్దా అన్నవి 504లో ఉండవు. రాష్ట్ర చట్టాలు పూరించేది ఆ ఖాళీనే. ఇంకో తేడా కూడా ఉంది. 504 ఒక్కో పిల్లవాడి కోసం అడిగి తెచ్చుకునేది. టీచర్ల శిక్షణ, నిర్ధారణ కాని పిల్లవాడికి మొదటిసారి క్లాసులోనే ఫిట్స్ వచ్చినా పనికొస్తుంది.

ఇంత పెద్ద దేశంలో ఇవన్నీ ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చాయి?

ఎపిలెప్సీ విషయంలో అమెరికా రాష్ట్రాల చట్టాలు చాలాకాలం ఎదురు దిశలో నడిచాయి. ఎపిలెప్సీ ఉన్నవాళ్ళు పెళ్ళి చేసుకోకూడదన్న చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉండేవి. ఆఖరి రాష్ట్రం దాన్ని రద్దు చేసింది 1980లో. 1970ల దాకా ఫిట్స్ ఉన్నవాళ్ళని హోటళ్ళకీ థియేటర్లకీ రానివ్వకపోయినా చట్టం ఒప్పుకునేది. ఈ దేశంలోకి అడుగుపెట్టడానికే ఎపిలెప్సీ అడ్డంకిగా ఉండేది. 1965 ఇమిగ్రేషన్ చట్టం ఆ అడ్డంకి తీసేసింది. మన దేశాల వాళ్ళకి తలుపులు తెరిచిన చట్టం కూడా అదే.

## స్కూలుకి చెప్పే ముందు

చెబితే ముద్ర పడిపోతుందేమో. మందులతో బాగానే ఉంది కదా, చెప్పకుండా ఉంటే ఏమవుతుంది?

అందరికన్నా ఎక్కువ మంది అడిగేది ఇదే, అదీ గొంతు తగ్గించి. ఈ చట్టాల్లో చాలా భాగం మీరు కాగితం ఇచ్చాకే కదులుతుంది. ప్లాన్ ఇవ్వకపోతే మీ పిల్ల కోసం స్కూలు ఏమీ చేసి ఉంచదు, చెయ్యలేదని రేపు అడిగే వీలూ ఉండదు. మందులు వాడితే దాదాపు 70 శాతం మందికి ఫిట్స్ పూర్తిగా అదుపులో ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, కాబట్టి మీ ధీమా ఉత్తదేమీ కాదు. అయినా రాత్రి నిద్ర చాలకపోయినా, ఒక మోతాదు మర్చిపోయినా, జ్వరం తగిలినా తిరగబడవచ్చు. అప్పుడు ఏ మందు వాడుతున్నాడో, మామూలుగా ఎంతసేపు ఉంటుందో తెలియని టీచర్ 911కి (అత్యవసర ఫోన్ నంబరు) ఏం చెప్పగలదు?

గోప్యత సంగతికొస్తే, స్కూల్లో ఆరోగ్య వివరాలు ఫెర్పా అనే విద్యార్థుల గోప్యత చట్టం కింద విద్యా రికార్డులు. బాధ్యత ఉన్న సిబ్బందికి చెబుతారు, క్లాసులో చాటించరు. ఎవరెవరికి తెలియాలో ప్లాన్‌లోనే రాయించుకోవచ్చు. "క్లాస్ టీచర్, పీఈ టీచర్, బస్సు డ్రైవర్, లంచ్ దగ్గర ఉండే ఆవిడ" అని పేర్లతో సహా రాయించుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు.

మేం హెచ్-1 మీద ఉన్నాం. ఇది గ్రీన్ కార్డుకి అడ్డం వస్తుందా?

504 ప్లాన్, స్కూలు నర్సు సేవలు, ఐఈపీ (ప్రత్యేక బోధన ప్లాన్), ఇవేవీ "పబ్లిక్ చార్జ్" (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అన్న) లెక్కలోకి రావు. ప్రభుత్వ స్కూల్లో చదివే హక్కుకీ వీసా స్థితికీ సంబంధం లేదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. స్కూలు మిమ్మల్ని వీసా అడగదు, మీరు చెప్పనూ అక్కర్లేదు.

రేపు అమ్మాయి పెళ్ళప్పుడు ఈ రికార్డు బయటికొస్తుందేమోనని మా అత్తగారి భయం.

స్కూలు ఆరోగ్య రికార్డుని సంబంధాల వాళ్ళు తెప్పించుకోలేరు. చట్టం మాటకొస్తే, హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అనర్హతల్లో ఒకప్పుడు మూర్ఛ కూడా ఉండేది, 1999 సవరణలో దాన్ని తీసేశారు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళు మూయించే చట్టం మాత్రం ఏ దేశంలోనూ లేదు. అత్తగారికి ఆ 1999 సంగతి చెప్పి చూడండి, చాలామందికి తెలియదు.

## కాగితాలు, మందులు

సీజర్ యాక్షన్ ప్లాన్‌లో ఏం రాయాలి?

చాలా స్కూలు జిల్లాలకి (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళని నడిపే విభాగాలు) సొంత ఫారం ఉంటుంది, ఒకటి రెండు పేజీలు. డాక్టర్ ఆఫీసులో సగం నింపి ఇస్తారు. మిగతా సగం మీదే, అసలు పని ఉన్నదీ అక్కడే. "ఫిట్స్ ఎలా ఉంటాయి" అన్న గడిలో "కన్వల్షన్స్" అని ఒక్క మాట రాసి వదిలెయ్యకండి. ఇలా రాయండి: "మొదట మాట ఆగిపోతుంది. ఎడమ చెయ్యి ముడుచుకుంటుంది. కళ్ళు ఎడమ వైపు తిరుగుతాయి. తర్వాత ఒళ్ళంతా కొట్టుకుంటుంది. నిమిషం, నిమిషమున్నర. ఆగాక అరగంట నిద్రపోతుంది, లేపితే ఏడుస్తుంది, తెలుగులోనే మాట్లాడుతుంది." ఆ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, తేరుకుంటూ "అమ్మ కావాలి, నీళ్ళు" అంటున్న పిల్లని చూసి ఇంకా తెలివి రాలేదనుకునే ప్రమాదం ఉంది. నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు లిపిలో రాసి, పక్కన అర్థం పెట్టండి.

ఇవి కాక రోజూ వేసే మందులు, వేటివల్ల వస్తాయో (నిద్రలేమి, జ్వరం, మందు తప్పడం), రెస్క్యూ మందు (ఫిట్స్ ఆగకపోతే వేసే అత్యవసర మందు) ఎన్ని నిమిషాలకి వెయ్యాలో, 911 ఎప్పుడు పిలవాలో, ఇద్దరి ఫోన్ నంబర్లు, డాక్టర్ సంతకం, మీ సంతకం. ఏటా కొత్తది ఇవ్వాలి. పాతదాని మీద పిల్లవాడి పాత బరువు, పాత మోతాదు ఉంటాయి.

టెక్సాస్‌లో స్కూలుకి ఏమివ్వాలి, వాళ్ళేం చెయ్యాలి?

2019లో వచ్చిన హౌస్ బిల్ 684ని సామ్స్ లా అంటారు. మీరూ డాక్టరూ కలిసి తయారుచేసిన సీజర్ మేనేజ్‌మెంట్ ప్లాన్‌ని స్కూళ్ళు తెరవకముందో, తెరిచిన మొదట్లోనో, మధ్యలో చేరితే చేరినప్పుడో, నిర్ధారణ అయిన వెంటనేనో జిల్లాకి ఇవ్వాలి. స్కూలు నర్సులూ, పిల్లలతో రోజూ మసలే ఉద్యోగులూ ఆమోదించిన ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చెయ్యాలి. చార్టర్ స్కూళ్ళకీ (ప్రభుత్వ సొమ్ముతో విడిగా నడిచేవి) ఇది వర్తిస్తుంది. శిక్షణ ఎవరెవరు తీసుకున్నారో మీరు అడిగితే తప్ప ఎవరూ వచ్చి చెప్పరు. మొదటి వారంలో మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టి అడగండి. రాతలో అడిగిన దానికి రాతలోనే జవాబొస్తుంది.

న్యూజెర్సీలో పాల్స్ లా అంటున్నారు, అదేంటి?

నేను చూసినవాటిలో బలమైన చట్టాల్లో ఇదొకటి. మీరు ఏటా రాతపూర్వకంగా అనుమతి ఇస్తే, స్కూలు నర్సు మీ పిల్ల కోసం విడిగా ఒక ఆరోగ్య ప్లాన్, ఒక అత్యవసర ప్లాన్ తయారుచెయ్యాలి. సిబ్బందికి శిక్షణ ఉండాలి. బస్సులో వెళ్ళే పిల్లలైతే డ్రైవర్‌కి కూడా విషయం, ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది రాసివ్వాలి. "ఎపిలెప్సీ ఉంది కాబట్టి నర్సు ఉన్న ఆ రెండో స్కూలుకి వెళ్ళండి" అనడానికి వీల్లేదు.

కాలిఫోర్నియాలో నర్సు లేకపోతే స్ప్రే ఎవరు వేస్తారు?

2022లో వచ్చిన ఏబీ 1810 అనే చట్టం ప్రకారం స్కూలు సిబ్బందిలో ముందుకొచ్చినవాళ్ళకి శిక్షణ ఇచ్చి వాళ్ళచేత వేయించవచ్చు. ముందుకు రావాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం, బలవంతపెట్టకూడదు. అంతకుముందు 2011లో రెక్టల్ జెల్ కోసం ఇలాంటి చట్టమే తెచ్చారు, దాని గడువు 2017 ఆరంభంతో తీరిపోయింది. మందు వెయ్యడం లైసెన్సున్న నర్సుల పని అని నర్సుల సంఘాలు ఇలాంటి బిల్లుల్ని వ్యతిరేకిస్తూ వచ్చాయి. వాళ్ళ వాదనలో కొంత న్యాయం ఉంది: వాలంటీర్లు దొరికితే ఇక నర్సుని నియమించరు. కానీ నర్సు వచ్చేదాకా ఫిట్స్ ఆగవు. నా మటుకు నాకు కాలిఫోర్నియా చట్టంలో ఈ "ఇష్టమైతే" అన్నది బలహీనత. ఒక్కరు కాదు, కనీసం ఇద్దరు ముగ్గురు శిక్షణ తీసుకునేలా అడగండి. ఉన్న ఒక్కరూ సెలవు పెట్టిన రోజు గురించి కూడా అడగండి.

స్ప్రే మంచిదా, జెల్ మంచిదా?

ఏది రాయాలో డాక్టర్ ఇష్టం. తెలుసుకోవాల్సింది ఇది: డయజిపామ్ రెక్టల్ జెల్ 1997 నుంచి ఉంది, స్కూల్లో, తోటి పిల్లల ముందు దాన్ని వాడటం పెద్దపిల్లలకి ఎంత నామోషీయో చెప్పక్కర్లేదు. ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రేని 2019లో, డయజిపామ్ స్ప్రేని 2020లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. నర్సు కానివాళ్ళు కూడా వెయ్యగలిగేలా చట్టాలు రావడానికి ఈ స్ప్రేలు దారి సులువు చేశాయి. వయసు పరిమితులున్నాయి, అడగండి. ఇంటికొకటి, స్కూలుకొకటి కావాలని డాక్టర్‌కి ముందే చెబితే ప్రిస్క్రిప్షన్ అలాగే రాస్తారు.

ఇండియా నుంచి తెచ్చిన మందు స్కూల్లో ఇవ్వొచ్చా?

తీసుకోరు. ఇక్కడి ఫార్మసీ లేబుల్ మీద పిల్లవాడి పేరు, మోతాదు ఉన్న అసలు పెట్టె కావాలి. పైగా ఇవి నియంత్రిత మందుల జాబితాలో ఉన్నవి, నర్సు లెక్క రాసి తాళం వేసి పెడుతుంది. బ్యాగులో పెట్టి పంపకండి, పెద్దవాళ్ళే వెళ్ళి చేతికివ్వాలి. గడువు తేదీ ఫోన్లో గుర్తుగా పెట్టుకోండి.

504 చాలా, ఐఈపీ కూడా కావాలా?

చదువు బాగానే సాగుతుంటే 504 చాలు. ఫిట్స్ వల్లో, మందుల మత్తు వల్లో చదువు వెనకబడి ప్రత్యేక బోధన అవసరమైతే ఐఈపీ. పరీక్షించి చూడమని రాతపూర్వకంగా అడగండి, దానికి డబ్బు తీసుకోరు.

## స్కూలు రోజుల్లో

క్లాసులో పరధ్యానంగా ఉంటున్నాడని టీచర్ ఫిర్యాదు. అవి కూడా ఫిట్సేనా?

కావచ్చు. ఆబ్సెన్స్ సీజర్స్ అని ఉంటాయి. పిల్లవాడు పడిపోడు, కొట్టుకోడు. పది సెకన్లో, అంతకన్నా కాస్త ఎక్కువో శూన్యంలోకి చూస్తాడు, రెప్పలు అదురుతాయి, మళ్ళీ ఏమీ జరగనట్టు రాస్తూ పోతాడు. రోజుకి పదులసార్లు రావచ్చు. మనం "ధ్యాస లేదు వెధవకి" అంటాం, టీచర్ "ఏడీహెచ్‌డీ చూపించండి" (ధ్యాస నిలవని సమస్య) అంటుంది. శిక్షణ చట్టాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ భాగమే, ఎందుకంటే ఒళ్ళు కొట్టుకునే ఫిట్స్‌ని ఎవరైనా గుర్తుపడతారు. తేడా పట్టడానికి ఒక గుర్తు: పరధ్యానమైతే భుజం తడితే తేరుకుంటాడు, ఫిట్స్ అయితే తేరుకోడు. వీలైతే వీడియో తీసి న్యూరాలజిస్టుకి చూపించండి.

ఈత, ఫీల్డ్ ట్రిప్పు మాన్పించాలా?

మాన్పించే హక్కు స్కూలుకి లేదు. ట్రిప్పులూ ఆటలూ కూడా 504 పరిధిలోకే వస్తాయి. "తల్లిదండ్రుల్లో ఒకరు తోడొస్తేనే" అన్న షరతు మిగతా పిల్లలకి లేనప్పుడు మీకూ పెట్టకూడదు. మందు, శిక్షణ ఉన్న మనిషి ట్రిప్పులో వెంట ఉండాలని ప్లాన్‌లోనే రాయించండి. ఈత దగ్గర మాత్రం రాజీ వద్దు: ఆ పిల్లని కనిపెట్టుకుని ఉండే పెద్దమనిషి ఒకరు గట్టున ఉండాల్సిందే.

కంప్యూటర్ స్క్రీన్లు చూస్తే వస్తాయా?

మెరిసే కాంతికి ఫిట్స్ వచ్చేది ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో సుమారు 3 శాతం మందికి. మీవాడు ఆ కోవలోకి వస్తాడో లేదో ఈఈజీ చెబుతుంది. ఆ కోవలో లేకపోతే క్రోమ్‌బుక్ లాక్కోవద్దు.

తోటి పిల్లలు వెక్కిరిస్తున్నారు. చట్టం దీనికేమైనా చేస్తుందా?

కెంటకీ చట్టం విద్యార్థులకి కూడా వయసుకి తగ్గట్టు ఫిట్స్ గురించి పాఠం చెప్పాలంటుంది. అన్ని రాష్ట్రాల్లో అది లేదు. లేనిచోట నవంబరు మంచి సమయం, ఇక్కడ అది ఎపిలెప్సీ అవగాహన నెల. పిల్లవాడు ఒప్పుకుంటేనే క్లాసులో మాట్లాడించండి. పేరు చెప్పకుండా నర్సుచేత చెప్పించినా పని జరుగుతుంది. వైకల్యాన్ని పట్టుకుని చేసే వేధింపు 504 కింద స్కూలు పట్టించుకోవాల్సిన విషయం.

## ఫిట్స్ వచ్చినప్పుడు

శిక్షణలో ఏం నేర్పిస్తారు? మేం కూడా అదే చెయ్యాలా?

అదే. టైము చూడండి. చుట్టూ గట్టి వస్తువులు తీసెయ్యండి, తల కింద మెత్తనిది పెట్టండి, పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పట్టి అదమకండి. పూర్తిగా తెలివొచ్చేదాకా నీళ్ళు పొయ్యకండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా, ఊపిరి సరిగా ఆడకపోయినా, నీళ్ళలో వచ్చినా, మొదటిసారి అయినా 911.

చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన, నోట్లో స్పూను... వీటితో తగ్గుతుందంటారు?

తగ్గదు. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి, ఘనత తాళంచెవికి దక్కుతుంది. నోట్లో ఏదైనా పెడితే పళ్ళు విరుగుతాయి, ఆ ముక్క గొంతులోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. నాలుక మింగడం అన్నది జరగని పని. ఇండియా నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చి పిల్లల్ని చూసుకునే ఇళ్ళలో ఈ ఒక్క సంగతీ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అతికించండి.

ప్రతిసారీ 911 పిలుస్తున్నారు, అంబులెన్స్ బిల్లు భరించలేకపోతున్నాం.

ప్లాన్‌లో డాక్టర్ స్పష్టంగా రాస్తే ఇది చాలావరకు తగ్గుతుంది: "మామూలు ఫిట్స్ ఐదు నిమిషాల్లోపు ఆగిపోతే 911 అక్కర్లేదు, తల్లిదండ్రులకి ఫోన్ చెయ్యండి." రెస్క్యూ మందు వేస్తే తప్పకుండా పిలవాలన్న నియమం కొన్ని జిల్లాల్లో ఉంటుంది, దాన్ని మీరు మార్చలేరు.

టీచర్ మందు వేస్తే, ఏదైనా తేడా వస్తే ఆమె మీద కేసు పడుతుందా? ఆ భయంతోనే వెనకాడుతోంది.

నమూనా బిల్లులో రక్షణ అంశం పెట్టింది ఈ భయం పోగొట్టడానికే. శిక్షణ తీసుకుని, ప్లాన్ ప్రకారం, మంచి ఉద్దేశంతో చేసినవాళ్ళకి టెక్సాస్ సహా చాలా రాష్ట్రాల్లో చట్టం అండగా ఉంటుంది. ఆ సెక్షన్ ప్రింటు తీసి టీచర్‌కి చూపించినా తప్పులేదు.

## స్కూలు వినకపోతే

"నర్సు వారానికి రెండు రోజులే వస్తుంది, మీరొచ్చి కూర్చోండి" అంటున్నారు.

రోజంతా నర్సు లేని స్కూళ్ళు అమెరికాలో చాలా ఉన్నాయి, అది నిజమే. కానీ ఉద్యోగం మానుకుని వచ్చి కూర్చోవాల్సిన బాధ్యత మీది కాదు, ఏర్పాటు చెయ్యాల్సిన బాధ్యత స్కూలుది. నోటిమాటగా అన్నదాన్ని ఈమెయిల్లో పెట్టండి: "ఈ రోజు మీరు ఇలా అన్నారు, నేను సరిగానే అర్థం చేసుకున్నానా?" అక్కడితోనే చాలామంది దారికొస్తారు. రాకపోతే జిల్లా 504 కోఆర్డినేటర్ (ప్రతి జిల్లాకీ ఉంటారు), ఆ తర్వాత ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయం. అక్కడ ఫిర్యాదుకి సంఘటన జరిగిన నాటి నుంచి 180 రోజుల గడువు. దానికి లాయరు అక్కర్లేదు.

నాకు ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడటం రాదు, మీటింగులో నోరు పెగలదు.

దుబాసీని ఇవ్వమని అడగండి, స్కూలే ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. తెలుగు దుబాసీలు ఫోన్లో దొరుకుతారు. పిల్లవాడినే మధ్యలో పెట్టి చెప్పించుకోవద్దు.

## ఇల్లు మారినా, పెద్దవాళ్ళయినా

ప్రాజెక్టు మారి వేరే రాష్ట్రానికి వెళ్తున్నాం. పాత ప్లాన్ చెల్లుతుందా?

504 హక్కు దేశమంతటా ఒకటే. రాష్ట్ర చట్టం ఇచ్చినవి మాత్రం సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. పాత ప్లాన్ కాపీ చేతిలో ఉంచుకుని, కొత్త స్కూల్లో చేర్పించే రోజే ఇవ్వండి. కొత్త న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టవచ్చు, అందుకే కదలకముందే పాత డాక్టర్ దగ్గర కొత్త స్కూలు ఫారం మీద సంతకం చేయించుకోండి.

ప్రైవేటు స్కూళ్ళు, డే కేర్లు, వీకెండ్ డాన్స్ క్లాసులకి ఈ చట్టాలు పనిచేస్తాయా?

సీజర్ సేఫ్ స్కూల్స్ చట్టాలు ఎక్కువగా ప్రభుత్వ, చార్టర్ స్కూళ్ళకే. ప్రైవేటు స్కూళ్ళకీ డే కేర్లకీ ఏడీఏ వర్తిస్తుంది. మతసంస్థలు నడిపేవాటికి మినహాయింపు ఉంది. ఎవరి బేస్‌మెంట్‌లోనో నడిచే కూచిపూడి క్లాసు దగ్గర చట్టం గురించి ఆలోచించేకన్నా, టీచరమ్మకి ప్లాన్ కాపీ ఒకటిచ్చి రెండు నిమిషాలు చేసి చూపించడం నయం.

అబ్బాయికి పదహారు నిండుతున్నాయి, డ్రైవింగ్ సంగతేంటి?

ఇది కూడా రాష్ట్ర చట్టమే. చాలా రాష్ట్రాలు కొన్ని నెలల పాటు ఫిట్స్ రాకుండా ఉండాలంటాయి. న్యూజెర్సీలో ఆరు నెలలు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, నెవాడా, ఒరెగన్, డెలవేర్‌లలో స్పృహ తప్పే జబ్బుల గురించి డాక్టరే ప్రభుత్వానికి తెలియజెయ్యాలి. టెక్సాస్‌లో డాక్టర్‌కి ఆ బాధ్యత లేదు, ఫారంలో అడిగిన ప్రశ్నకి మీరే నిజం రాయాలి. రాష్ట్రాల మధ్య ట్రక్కులు నడపాలంటే లెక్క వేరు: ఎపిలెప్సీ ఉన్నవాళ్ళకి ఫిట్స్ లేకుండా ఎనిమిదేళ్ళు గడిస్తేనే ఫెడరల్ మినహాయింపు పరిశీలిస్తారు.

కాలేజీకి వెళ్ళాక?

ప్లాన్ స్కూలుతోనే ముగుస్తుంది. కాలేజీలో డిసెబిలిటీ ఆఫీసుకి పిల్లే వెళ్ళి నమోదు చేసుకోవాలి. పద్దెనిమిది నిండితే ఆసుపత్రి కూడా మీకు వివరాలు చెప్పకపోవచ్చు, కాబట్టి హిపా (వైద్య వివరాల గోప్యత చట్టం) అనుమతి పత్రం మీద ముందే సంతకం చేయించండి. రూమ్మేట్‌కి చెప్పడం మంచిది. నిద్ర మానుకుని చదవడం, మందు తప్పడం, మద్యం, మూడూ ఎదురయ్యేది ఆ వయసులోనే.

ఇండియా తిరిగి వెళ్ళి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేర్పిస్తే?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 వైకల్యాల్లో ఎపిలెప్సీ పేరు లేదు. అందుకే ఇక్కడిలా చట్టం పేరు చెప్పి అడిగే వీలు తక్కువ. ప్లాన్ కాగితం మాత్రం అక్కడా పనికొస్తుంది. ప్రిన్సిపల్‌ని స్వయంగా కలిసి ఇవ్వండి. మిడజొలామ్ ముక్కు స్ప్రే అక్కడా దొరుకుతుంది, అక్కడి న్యూరాలజిస్టుచేత రాయించుకోండి.

## చట్టం లేని రాష్ట్రంలో

మా రాష్ట్రంలో ఇంకా చట్టం రాలేదు. ఓటు హక్కు కూడా లేని మేం ఏం చెయ్యగలం?

కమిటీ ముందు మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు, పౌరసత్వమూ అక్కర్లేదు. ఎపిలెప్సీ ఫౌండేషన్ శాఖకి పేరిస్తే బిల్లు ఎక్కడుందో, విచారణ ఏ రోజో చెబుతారు. మాట్లాడటానికి సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఫిట్స్ వచ్చిన రోజు స్కూల్లో ఏం జరిగింది, ఎవరికి ఏం తెలియలేదు, అంతే చెప్పండి. గణాంకాలు చెప్పేవాళ్ళు వేరే ఉంటారు. వెళ్ళలేకపోతే రాసి పంపవచ్చు. శాసనసభలు ఏడాదంతా నడవవని గుర్తుంచుకోండి. ఉదాహరణకి టెక్సాస్‌లో మామూలు సమావేశాలు బేసి సంవత్సరాల్లోనే, జనవరి నుంచి 140 రోజులు. సవరణలు అడగాలన్నా బిల్లు పెట్టే సభ్యుణ్ణి అంతకు ముందు శరదృతువులోనే కలవాలి.